బండి పడేదెలా, గార్డు కొనేదెలా

కొత్త బండికి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, మొదటి సర్వీసు దాకా వచ్చారో లేదో అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. "గార్డు ఏది వేయించుకోమంటారు?" దానికి జవాబు చెప్పే ముందు నేనొక మాట అడుగుతాను. మీ బండి ఎక్కడ, ఎలా పడుతుందని మీ లెక్క? ఈ మాటకి చాలామంది మొహం మాడ్చుకుంటారు. కొత్త బండి పక్కన నిలబడి ఆ మాటలేమిటని. కానీ ఇంజిన్‌కి రెండు పక్కలా బిగించే ఆ గార్డు కొనేదే పడడం కోసం కదండీ. ఎలా పడుతుందో ఆలోచించకుండా ఏ గార్డు కావాలో ఎలా తేలుతుంది? కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ సంగతే మాట్లాడుకుందాం.

పడడం అనగానే మన కళ్ల ముందు హైవే, లారీ, ఎనభై స్పీడు కనపడతాయి. నేను చూసినంతలో బండ్లు తరచుగా పడేది నిలబడి ఉన్నప్పుడు, లేదా నడక వేగంలో. సైడ్ స్టాండ్ వేసి దిగుతాం, కింద మట్టి మెత్తగా ఉంటుంది, టీ తాగి వచ్చేసరికి స్టాండ్ దిగబడి బండి ఎడమవైపుకి పడుకుని ఉంటుంది. ఎత్తు మీద యూటర్న్ తీసుకుంటుంటే ఇంజిన్ ఆగిపోతుంది, కాలు ఆనించబోయిన చోట గుంట ఉంటుంది. పెట్రోలు బంకులో నేల మీద ఒలికిన డీజిల్ మీద బూటు జారుతుంది. అపార్టుమెంటు సెల్లారులో ఎవరో తన బండి వెనక్కి లాక్కుంటూ మన బండిని తోసేసి, చూసుకోకుండా వెళ్లిపోతారు. స్ప్లెండర్ అయితే 112 కిలోలు, పట్టుకుని ఆపొచ్చు. క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. కొంచెం ఒరిగినంతవరకు కాలితో ఆపగలం, ఆ కోణం దాటాక ఎంత కండబలం ఉన్నవాడికైనా సాధ్యం కాదు. వదిలేసి పక్కకి తప్పుకోవడమే మంచిది. ఆపబోయి నడుం పట్టేసినవాళ్లు నాకు తెలుసు.

అలా పడ్డప్పుడు ముందుగా నేలకు తగిలేవి ఏమిటి? హ్యాండిల్ కొస, లివర్, ఫుట్‌రెస్టు, ఆ తరవాత బండి ఆకారాన్ని బట్టి ఇంజిన్ కవరో, ట్యాంకో, సైలెన్సరో. వీటిలో మనం భయపడాల్సింది ఇంజిన్ కవర్ గురించి. అది అల్యూమినియం పోత. సొట్ట పడి ఊరుకోదు, రాయి తగిలితే పగులుతుంది. పగిలిన చోటు నుంచి ఆయిల్ కారుతుంది, కారిన ఆయిల్ వెనక టైరు మీద పడుతుంది. ఊళ్లో అయితే ఆటో ట్రాలీలో వేసుకుని షాపుకి తీసుకుపోతాం. ఘాట్ రోడ్డులో ఫోన్ సిగ్నల్ లేనిచోట అలా జరిగితే ఆ రోజు ప్రయాణం ముగిసినట్టే.

మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే ఘాట్లో, వాన వెలిసిన ఓ మధ్యాహ్నం, రోడ్డు పక్కన ఆపిన హిమాలయన్ ఒకటి సరిగ్గా ఇలాగే స్టాండ్ దిగబడి పడిపోవడం చూశాను. వెనక రెండువైపులా బ్యాగులు, పైన ఇంకోటి. నలుగురం కలిసి లేపాం. గార్డు మీద నల్ల రంగు అరచెయ్యంత మేర గీసుకుపోయి కింద ఇనుము మెరుస్తోంది. వంపులో ఎర్రమట్టి ముద్ద ఇరుక్కుంది. ఇంజిన్ కవర్‌కి, ట్యాంకుకి చిన్న గీత కూడా లేదు. అయితే గేర్ రాడ్ లోపలికి వంగి కవర్‌కి ఆనుకుపోయింది, క్లచ్ లివర్ కొస ఊడింది. ఆ బండి నడిపే కుర్రాడు టూల్ కిట్‌లోంచి స్పానర్ తీసి గేర్ రాడ్‌ని మెల్లమెల్లగా బయటకు వంచుకుని, మిగిలిన లివర్‌ని రెండు వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లిపోయాడు. గార్డు చేసే మేలు అంటే అదీ. బండిని కొత్తదానిలా ఉంచడం కాదు, మనల్ని ఇంటికి చేర్చేటట్టు ఉంచడం. గేర్ రాడ్‌నీ లివర్‌నీ ఏ గార్డూ పూర్తిగా కాపాడదు, కాబట్టి దూరం వెళ్లేటప్పుడు అవి స్పేర్ పెట్టుకోండి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. కాలు విరక్కుండా ఉంటుందని గార్డు వేయించుకునేవాళ్లు మనలో చాలామంది. పిల్లాడికి బండి కొనిచ్చిన తండ్రి ముందు అడిగేది అదే. నడక వేగంలో పడ్డప్పుడు బండికీ నేలకీ మధ్య కొంత ఎడం మిగులుతుంది కాబట్టి కాలు బండి కింద నలగకుండా, వేడి సైలెన్సర్‌కి తగలకుండా బయటపడే అవకాశం ఉంది. అంతవరకు నిజం. వేగంగా వెళుతూ దేన్నైనా గుద్దినప్పుడు కథ వేరు.

1981లో అమెరికాలో ఒక నివేదిక వెలువడింది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలస్ ప్రాంతంలో జరిగిన దాదాపు 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను స్థలానికి వెళ్లి పరిశీలించింది, మరో 3,600 పోలీసు రిపోర్టులను చదివింది. ఆ ప్రమాదాల్లో సగానికి ఢీకొన్న వేగం గంటకు 35 కిలోమీటర్ల లోపే. క్రాష్ బార్ల, అంటే మన గార్డుల, సంగతి కూడా వాళ్లు చూశారు. చీలమండకి, పాదానికి తగిలే గాయాలు తగ్గాయి. కానీ తొడకి, మోకాలికి, మోకాలి కింది భాగానికి తగిలేవి పెరిగి, ఆ లాభాన్ని తినేశాయి. మొత్తం మీద గాయాలు తగ్గించే సాధనంగా వాటిని లెక్కలోకి తీసుకోలేమని తేల్చారు. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. బండి ఠక్కున ఆగుతుంది, మనిషి ఆగడు. ముందుకు దూసుకెళ్లే మోకాలికి ఎదురుగా ఇనప పైపు ఉంటుంది. లేదంటే ఆ పైపే వెనక్కి వంగి కాలి మీదకి వస్తుంది.

బ్రిటన్‌లో 1980లలో ప్రభుత్వ రవాణా పరిశోధనశాల కాలి రక్షణకే ప్రత్యేకంగా తొడుగుల్లాంటివి చేసి బండ్లకి అమర్చి ప్రయోగాలు చేసింది. కంపెనీల పక్షాన ఉన్న పరిశోధకులు ఒప్పుకోలేదు. కాలు నిలిచిపోతే మనిషి ఎగిరిపడే తీరు మారి తలకి దెబ్బ ఎక్కువ కావచ్చన్నారు. ఆ వాదం చాలా ఏళ్లు నడిచింది. ఇలాంటి పరికరాలను ఎలా పరీక్షించాలో చెప్పే ఐఎస్‌ఓ 13232 ప్రమాణం 1996లో వచ్చింది. అన్నేళ్లు పరిశోధించినవాళ్లకే అంత కష్టమైన పని, రెండు ఇంచీల వంపు తిప్పిన పైపు చేసేస్తుందని నమ్మి పిల్లల్ని రోడ్డు మీదకి పంపకండి. కాలి కోసం డబ్బు పెట్టదలిస్తే చీలమండ దాటి పైకి వచ్చే బూట్లు కొనండి. ఈఎన్ 13634 అని ముద్ర ఉన్నవి బండి నడిపేవాళ్ల కోసమే చేసినవి. మోకాలి ప్యాడ్లయితే ఈఎన్ 1621-1 చూసుకోండి. ఇద్దరు పిల్లలు చెప్పులేసుకుని, ముందు మెరిసే గార్డు పెట్టుకుని వెళుతుంటే నాకు గుండె గుబేలుమంటుంది.

సరే, గార్డు బండి కోసమేనని ఒప్పుకున్నాక ఎంచుకోవడం తేలికవుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపు ముందు కూర్చుని ఉండగా విన్న మాటలు చెబుతాను. ఒక కుర్రాడు బుల్లెట్ ఆపి దిగాడు.

"అన్నా, ఇంతకన్నా మందం పైపు లేదా?"

"ఉంది తమ్ముడూ. లారీకి కట్టే పైపు కూడా ఉంది. దేనికి?"

"అస్సలు వంగకూడదన్నా."

"వంగకపోతే ఏవవుద్దో తెలుసా? ఆ దెబ్బ పోయి పోయి బోల్టు దగ్గర ఆగుద్ది. గార్డు బానే ఉంటది, ఇంజిన్ చెవి విరుగుద్ది. గార్డు వంగితే మూడు వేలు, చెవి విరిగితే ఇంజిన్ దింపాలి."

ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవాళ్లు కూడా ఇంతకన్నా బాగా చెప్పలేరు. ఇంజిన్ చెవి అంటే ఇంజిన్‌కి బిగింపు బోల్టు దూరే చోటు. గార్డు వంగాలి. కొంచెం వంగి, దెబ్బని కొంత తాను మింగి, మిగిలింది నాలుగు చోట్లకి పంచాలి. అందుకే పైపు మందం కన్నా ముందు అది బండికి ఎక్కడెక్కడ ఆనుతోందో చూడండి. ఒక్కో పక్క పైన ఒకటి, కింద ఒకటి బిగింపు ఉండాలి. కుడి ఎడమలని కలుపుతూ అడ్డంగా ఒక పట్టీ ఉంటే మరీ మేలు, ఒక పక్క తగిలిన దెబ్బ రెండో పక్కకి కూడా వెళుతుంది. ఒకే బోల్టు మీద వేలాడే గార్డు మాత్రం వద్దే వద్దు. గునపం పెట్టి బండరాయిని పెకిలించినట్టు, పొడుగాటి పైపు కొసన తగిలిన చిన్న దెబ్బ మొదట్లో పెద్ద బలమై ఆ చెవిని పెకిలిస్తుంది.

ఇక బండి బండికీ తేడా ఉంది. పాత బుల్లెట్లకి, స్ప్లెండర్ లాంటి బండ్లకి ఫ్రేమ్ ముందు గొట్టం ఒకటి కిందికి దిగుతుంది కాబట్టి యూ క్లాంపు వేసి దానికి బిగించేస్తారు. తేలికే, కానీ క్లాంపు కింద రబ్బరు పట్టీ వేయకపోతే రంగు లేచి అక్కడే తుప్పు మొదలవుతుంది. కేటీఎం 390 అడ్వెంచర్‌కి జాలీలా అల్లిన ఫ్రేము, ముందు గొట్టమే లేదు. గార్డుని ఇంజిన్ బోల్టుల దగ్గరే పట్టించాలి, కాబట్టి ఆ బండికి కొలత కుదరని గార్డు మరింత ప్రమాదం. 2023 నవంబరులో వచ్చిన హిమాలయన్ 450కి నీళ్లతో చల్లబడే ఇంజిన్. ముందు రేడియేటర్ ఉంది, దాని పక్క అంచులను కూడా కప్పే గార్డు వెతుక్కోవాలి. 2018లో వచ్చిన ఇంటర్‌సెప్టర్ 650 జంట సిలిండర్ల ఇంజిన్ వెడల్పుగా ఉంటుంది, కవర్లు రెండువైపులా బయటికి వస్తాయి. బీఎండబ్ల్యూ వాళ్లు 1923లో ఆర్32 తెచ్చినప్పటి నుంచి వాళ్ల బాక్సర్ ఇంజిన్లకి సిలిండర్లు చెరొక పక్క చెవుల్లా పొడుచుకు వచ్చి ఉంటాయి. ఆ బండి పడితే నేరుగా సిలిండర్ మూతే నేలకి కొడుతుంది. లక్షలు పోసి ఆ బండి కొన్నవాళ్లు ముందు కొనాల్సింది వాటి చుట్టూ వేసే కడ్డీలే.

రేసు బండ్ల ఆకారంలో ఉన్నవాటికి చాలామంది గార్డు బదులు స్లైడర్ వేయిస్తారు. గట్టి నైలాన్ ముద్ద, మధ్యలో బోల్టు. నున్నటి తారు మీద జారి పడ్డప్పుడు బాగా పనిచేస్తుంది. మన రోడ్ల పక్కన కాంక్రీటు గట్లూ మట్టి అంచులూ ఎక్కువ. స్లైడర్ అందులో ఇరుక్కుంటే బండి జారడం మాని పల్టీ కొడుతుంది, బోల్టు ఫ్రేమ్‌ని లాగేస్తుంది. నా మట్టుకు నేను ఊళ్లో తిరిగే బండికి దాన్ని సిఫార్సు చేయను.

లోహం సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు ఇనప పైపుకి పౌడర్ కోటింగ్ వేసినవి చాలు. అవి చక్కగా వంగుతాయి, చవక. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో మాత్రం ఉప్పుగాలికి రంగు కింద తుప్పు పాకుతుంది, అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలుకి డబ్బు పెట్టొచ్చు. అయస్కాంతం తీసుకెళ్లి అంటుకోలేదు కాబట్టి మంచి 304 రకమే అనుకోకండి, చవక 202 రకం కూడా అంటుకోదు. బిల్లు మీద రకం రాయించుకోండి. వెల్డింగ్ దగ్గర వేలు పెట్టి చూడండి. అతుకు ఒకే వెడల్పున, పైపు చుట్టూతా పూర్తిగా ఉండాలి. రెండు చుక్కలు పెట్టి పుట్టీతో పూడ్చి రంగు కొట్టినవి హైదరాబాద్ పుత్లీబౌలిలోనైనా, ఢిల్లీ కరోల్ బాగ్‌లోనైనా దొరుకుతాయి. పైపు కొసలు మూసి, గుండ్రంగా ఉండాలి. తెరిచిన పైపు నోట్లోకి వాన నీళ్లు పోయి తుప్పు లోపల్నుంచి తినేస్తుంది.

వెడల్పు గురించి ఒక్కమాట. గార్డు ఇంజిన్ కన్నా బయటికి రావాలి, హ్యాండిల్ కన్నా లోపల ఉండాలి. బటర్‌ఫ్లై గార్డులని కొన్ని మరీ విచ్చుకుని ఉంటాయి. ట్రాఫిక్‌లో మన హ్యాండిల్ దూరింది కదా అని పోనిస్తాం, కింద గార్డు పక్కన సైకిల్ తొక్కే పెద్దాయన పిక్కకి కోసుకుపోతుంది. మన బండి గీత పడకుండా ఉండడం కోసం ఇంకొకళ్ల కాలికి గాయం చేయడం తప్పండీ. దాన్ని సమర్థించుకునే మార్గమే లేదు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి వదులుగా ఉంచి, గార్డు సరిగ్గా కూర్చున్నాక ఒక్కొక్కటే బిగించాలి. ఒకటి పూర్తిగా బిగించేసి రెండోది కలవకపోతే సుత్తితో కొట్టి కలిపే షాపు నుంచి వచ్చేయండి. అలా బలవంతంగా కూర్చోబెట్టిన గార్డు రోజూ ఇంజిన్ చెవిని లాగుతూనే ఉంటుంది, ఒకరోజు ఏ దెబ్బా తగలకుండానే పగులుతుంది. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకె ఉండాలి. తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టులు, ఏ2-70 అని ఉండేవి, చూడ్డానికి బావుంటాయి గానీ 8.8 కన్నా బలం తక్కువ. ఇంజిన్‌ని మోసే చోట అవి వేయనివ్వకండి. అయ్యాక హ్యాండిల్ రెండు పక్కలా చివరిదాకా తిప్పండి. ముందు బ్రేకు పట్టి ఫోర్కుని గట్టిగా కిందికి నొక్కి మడ్‌గార్డ్ తగులుతుందేమో చూడండి. ఆయిల్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ గార్డు విప్పకుండా తీయగలరా అడగండి, లేకపోతే ప్రతి సర్వీసుకీ విప్పి బిగించాలి. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బోల్టులన్నీ మళ్లీ చూపించుకోండి, ఇంజిన్ అదురుకి వదులవుతాయి.

చట్టం మాట కూడా అడుగుతారు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు లేఖ రాసింది. దృష్టంతా కార్ల ముందు కట్టే పెద్ద ఇనప చట్రాల మీద, అవి పాదచారుల ప్రాణం తీస్తాయని. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండిని కంపెనీ చేసిన తీరుకి భిన్నంగా మార్చొద్దంటుంది. అందుకని బండి కంపెనీ తన యాక్సెసరీగా అమ్మే గార్డు, బండితోపాటే బిల్లులో రాయించుకోవడం క్షేమం. ఇన్సూరెన్స్‌లో కూడా దాని విలువ చేర్పించుకోవచ్చు.

చట్టం అన్నాను కాబట్టి నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్పనివ్వండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవాళ్ల కోసం మూడు అడుగుతుంది: పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, బట్టలు చక్రంలో చిక్కకుండా కప్పే రక్షణ. మనం శారీ గార్డ్ అనేది అదే. బండి కొన్న వారానికే, లుక్ పోతుందని దాన్ని విప్పించి, ఆ చేత్తోనే ముందు మూడు వేల గార్డు పెట్టించుకునే కుర్రాళ్లున్నారు. వెనక అమ్మ చీర కొంగు, చెల్లెలి చున్నీ ఉంటాయి. అవి చక్రంలో చుట్టుకుంటే ఏం జరుగుతుందో రాయడానికి నా చెయ్యి రావడం లేదు. దయచేసి దాన్ని విప్పకండి. విప్పి ఉంటే ఈవారమే తిరిగి పెట్టించండి, ముందు గార్డు తరవాత కొనుక్కోవచ్చు.

ఇక మన ఊళ్లలో గార్డుకి రంగురంగుల నైలాన్ తాడు అందంగా చుట్టే అలవాటుంది. వరస తప్పకుండా, సందు లేకుండా చుట్టడం ఒక పనితనమే, నాకూ ఇష్టం. కాకపోతే వానాకాలం అయ్యాక ఒకసారి విప్పి చూడండి. తాడు కింద తడి ఆరదు, పైపు నల్లగా పెచ్చులు లేచిపోతుంది. ఎండాకాలం మొదట్లో విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి మళ్లీ చుట్టుకుంటే ఏళ్లు ఆడుతుంది.

పడ్డాక చేయాల్సింది కూడా చెప్పి ఆపుతాను. ముందు ఇంజిన్ ఆపండి, పెట్రోలు కారుతోందా చూడండి. కుడివైపుకి పడితే లేపే ముందే సైడ్ స్టాండ్ తెరిచి పెట్టండి, లేకపోతే లేపిన ఊపుకి అటు పక్కకి పడుతుంది. నడుం వంచి లాగకండి. సీటుకి వీపు ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి వెనక పిడి మీద వేసి, కాళ్లతో వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ లేపండి. ఇంటికొచ్చాక గార్డు బిగించిన ప్రతి చోటా టార్చి వేసి చూడండి. రంగులో వెంట్రుకంత చీలిక కనపడినా, బోల్టు రంధ్రం కోలగా సాగినా మెకానిక్‌కి చూపించాలి. వంగిన గార్డుని కాల్చి సుత్తితో సాపు చేసి మళ్లీ పెట్టేస్తామంటారు, ఒప్పుకోకండి. వంగిన చోట అది ఒకసారి తన పని చేసేసింది, రెండోసారి అక్కడే తెగుతుంది. దాన్ని పాత ఇనప సామాన్ల కొట్టుకి వేసెయ్యండి. కొత్తది పెట్టేటప్పుడు బోల్టులు కూడా కొత్తవే అడగండి, పాతవి సాగి ఉంటాయి.